పన్ను దొంగల్ని పట్టే ఏఐకి కాపలా ఎవరు?

2017 జూలైలో జీఎస్టీ వచ్చింది, రోడ్ల మీద ట్యాక్స్ చెక్‌పోస్టులు పోయాయి. కాపలా డ్యూటీ డేటా మీద పడింది. దొంగలూ అప్‌డేట్ అయ్యారు. ఒకడు రెండోవాడికి, వాడు మూడోవాడికి, వాడు మళ్లీ మొదటివాడికి అమ్మినట్టు బిల్లులు రాస్తారు. సరుకు కదలదు, ట్యాక్స్ క్రెడిట్ మాత్రం కొట్టేస్తారు. ఇదే సర్క్యులర్ ట్రేడింగ్.

లక్షల బిల్లుల్లో ఈ చుట్టు కంటికి దొరకదు. కందిలోని ఐఐటీ హైదరాబాద్ టీమ్ మన వాణిజ్య పన్నుల శాఖ డేటా తీసుకుని, డీలర్లని చుక్కలుగా, అమ్మకాల్ని గీతలుగా మార్చి, అల్గారిథమ్‌తో ఆ చుట్లని వెతికింది. బీటెక్‌లో చదివిన గ్రాఫ్ థియరీయే!

2024లో ట్విస్ట్. ఆ శాఖ సాఫ్ట్‌వేర్‌లోనే కొందరి ఎగవేతలు కనపడకుండా చేశారన్న ఫిర్యాదుపై హైదరాబాద్ పోలీసులు కేసు నమోదు చేశారు. అవి ఆరోపణలే, తేల్చాల్సింది కోర్టు. కానీ హైటెక్ సిటీలో కోడ్ రాసే ఎవర్నడిగినా చెప్తారు, ఒక్క లైన్ మారిస్తే చాలు. ఎవరు, ఎప్పుడు మార్చారో లాగ్ ఉండాలి. దాన్ని శాఖ బయటివాళ్లు చెక్ చేయాలి.