గుజ్జెనగూళ్ళు, బొమ్మల పెళ్ళిళ్ళు: ఇంటి ఆటవస్తువులకు సాహిత్య సాక్ష్యం

పసిపిల్లలున్న ఇంట్లో రోజూ ఏవో కొన్ని వస్తువులు తయారవుతూనే ఉంటాయి. చీర పేలికను చుట్టి కాటుకతో కళ్ళు దిద్దిన బొమ్మ, వాకిట్లో తడిమట్టితో కట్టిన పిట్టగూడు, కొబ్బరాకు చుట్టిన బూర, పాత కాగితంతో చేసిన పడవ. సాయంత్రానికి వాటిలో చాలా భాగం చీపురు పాలవుతుంది. చరిత్రకారునికి చిక్కు ఇక్కడే మొదలవుతుంది. కొండాపురం తవ్వకాలలో శాతవాహనుల కాలపు కాల్చిన మట్టిబొమ్మలు, తెల్లసుద్ద బొమ్మలు బయటపడ్డాయి. వాటిలో పూజకు ఉద్దేశించినదేది, పిల్లల చేతికిచ్చినదేది అని విడదీయడం తేలిక కాదు. పైగా అవి నిలిచింది ఆవంలో కాలినందువల్ల. పిల్లలు చేసుకొన్న పచ్చిమట్టి పొయ్యిని ఏ ఆవమూ కాల్చలేదు. తాటాకు, పేలిక, జొన్నబెండు ఒక వానాకాలాన్ని కూడా దాటవు.

కాబట్టి ఈ వస్తువుల చరిత్రకు మిగిలిన ఆధారం మాట. కావ్యాలలోని వర్ణనల నుండి జనజీవనాన్ని రాబట్టే పద్ధతికి సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ గట్టి పునాది వేసింది. పిల్లల ఆటలను కూడా సాంఘిక చరిత్రలో భాగంగా లెక్కించిన గ్రంథమది. అయితే తరువాతి వ్యాసాలలో ఈ ఆటల ప్రస్తావన ఎక్కువగా పేర్ల పట్టికలకే పరిమితమయింది. ఆ పేర్లలో ఒక వర్గం, అంటే ఆడపిల్లలు ఇంట్లో చేసుకొన్న బొమ్మలకూ వంటలకూ పెళ్ళిళ్ళకూ సంబంధించినది, బాల్యవర్ణనగా మాత్రమే చదవదగినది కాదనీ, వివాహవ్యవస్థకు అది సూటి సాక్ష్యమనీ చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా చేతిపని సంగతి. తెలుగు నేలపై పిల్లల ఆటవస్తువులకు ఋతువే ముడిసరుకునిచ్చేది. వేసవిలో ముంజెలు తిన్న తరువాత మిగిలిన రెండు తాటిబుర్రలకు అడ్డంగా పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోసుకొంటూ పోతే అది బండి. మామిడి టెంకలోని జీడిని రాతిమీద అరగదీస్తే ఊదుకొనే పీక. పంట కోత తరువాత జొన్నదంటు పైపెచ్చును ఈనెలుగా చీల్చి, లోపలి బెండు ముక్కలకు గుచ్చితే బండి, ఎద్దు, కళ్ళజోడు ఏదైనా అవుతుంది. కర్ణాటక సరిహద్దు ప్రాంతాలలో మన్నెత్తిన అమావాస్యకు మట్టి ఎద్దులు చేస్తారు. తెలంగాణలో బతుకమ్మకు ముందు పెళ్ళికాని ఆడపిల్లలు పుట్టమన్నుతో బొడ్డెమ్మను మెట్లు మెట్లుగా కట్టుకొంటారు. కోస్తాలో ధనుర్మాసపు ముగ్గులో గొబ్బెమ్మకు గుమ్మడిపువ్వు గుచ్చేదీ ఆడపిల్లలే.

ఈ వస్తువులను పక్కపక్కన పెడితే ఒక తేడా కనిపిస్తుంది. మగపిల్లవాడు చేసుకొన్నది చాలావరకు కదిలేది, కూసేది. అది వీధిలోకి, చేలోకి పోతుంది. ఆడపిల్ల చేసుకొన్నది వాకిలి దాటదు. ఇల్లు, పొయ్యి, కూడు, బిడ్డ, పెళ్ళి అన్నవే ఆమె వస్తువులు. కొబ్బరిచిప్ప గిన్నె, ఇసుక అన్నం, ఇటుకపొడి కారం, ఆకుల తుంపులు కూర. వీటి మధ్య పేలిక బొమ్మ ఒకటి కూతురుగా కూర్చొని ఉంటుంది. ఈ తేడాకు మినహాయింపులు లేకపోలేదు. బొమ్మరిల్లు ఆటలో మగపిల్లలూ కూర్చొంటారు, తరచుగా వడ్డించుకొని తినే వేషంలో.

బొమ్మను ప్రాణమున్నదానిగా చూసే ఈ గుణాన్ని తెలుగులో తొలిగా కథలకు మూలం చేసుకొన్నవాడు పాల్కురికి సోమనాథుడు. ‘బసవపురాణం’లోని ముగ్ధభక్తుల కథలలో గొడగూచి చిన్నపిల్ల. తండ్రి ఊరికి వెళుతూ శివునికి పాలు నివేదించమని అప్పగిస్తాడు. నివేదనమంటే చూపి తెచ్చుకోవడమని ఆమెకు తెలియదు. దేవుడు పాలు తాగకపోతే బతిమాలుతుంది, ఏడుస్తుంది, ప్రాణం తీసుకొంటానంటుంది. చివరికి శివుడు తాగవలసి వస్తుంది. అదే పురాణంలో బెజ్జమహాదేవి పెద్దదే అయినా, శివునికి తల్లి లేదే అని బెంగపడి తానే తల్లి అవుతుంది. పసిబిడ్డకు చేసినట్లే నూనె అంటి నీళ్ళు పోస్తుంది, కాటుక పెడుతుంది, ఉగ్గు పడుతుంది. సోమనాథుడు వర్ణించదలచింది భక్తిని. కానీ ఆ వర్ణనకు సామగ్రి ఏ తత్త్వగ్రంథం నుండీ రాలేదు. బాలింత ఉన్న ఇంటి నుండి, బొమ్మకు పాలు పట్టే పిల్ల నుండి వచ్చింది. ఆనాటి శిశుపోషణ క్రమాన్ని ఇంత దగ్గరగా చూపిన రచనలు అరుదు.

పోతన భాగవతానికి వస్తే విషయం పెళ్ళి వైపు తిరుగుతుంది. దశమస్కంధంలో రుక్మిణి బాల్యాన్ని చెబుతూ పోతన ఆమె ఆటలను వరుసగా పేర్కొంటాడు. ఆమె బొమ్మలకు పెళ్ళిళ్ళు చేస్తుంది, చెలులతో వియ్యమందుతుంది, గుజ్జెనగూళ్ళు వండించి స్నేహితురాండ్రకు పెట్టిస్తుంది. తరువాతే తోట పనులు, ఉయ్యాల, బంతులు, చిలుకలకు చదువు. గుజ్జెనగూళ్ళు అంటే బొమ్మరిల్లాటలో పిల్లలు వండే కూళ్ళు. ‘గుజ్జు’ అన్న మాటకు పొట్టి అనే అర్థముంది. వినాయకుణ్ణి గుజ్జువేల్పు అనడంలో ఉన్నది అదే. దాన్ని బట్టి ‘చిట్టి అన్నాలు’ అని అన్వయించుకొనే వీలుంది.

ఇక్కడ గమనించదగినది, రుక్మిణి రాచకూతురు కావడం. ఆమె ఊగేది బంగారు ఉయ్యాల; ఉన్నది మణిమయమైన మేడ. అయినా ఆమె ఆటలో మొదటి రెండూ పేద ఇంటి పిల్ల కూడా ఆడుకొనేవే. శూద్రకుని ‘మృచ్ఛకటికం’లో దీనికి భిన్నమైన పరిస్థితి ఉంది. పొరుగు పిల్లవాడి బంగారు బండితో ఆడిన చారుదత్తుని కొడుకు, ఇంట్లో చేసిచ్చిన మట్టిబండిని వద్దని ఏడుస్తాడు. వసంతసేన తన నగలు తీసి ఆ మట్టిబండిలో వేస్తుంది. ఆ నగలే తరువాత న్యాయస్థానంలో చారుదత్తునికి ఎదురు సాక్ష్యమవుతాయి. శూద్రకుడు ఆటవస్తువులో పేదరికాన్ని చూశాడు. పోతన వర్ణనలో ఆ దృష్టి లేదు; అక్కడ అన్ని ఇళ్ళ ఆడపిల్లలనూ ఒక్కటి చేసేది డబ్బు కాదు, పెళ్ళి.

‘వియ్యం’ అన్న మాట దగ్గర కొంత నిలవాలి. బొమ్మల పెళ్ళిలో ప్రధాన పాత్రలు బొమ్మలు కావు. పెళ్ళికొడుకు తల్లిగా ఒక పిల్ల, పెళ్ళికూతురి తల్లిగా ఇంకొక పిల్ల. పీట వేయడం, బంతికి పిలవడం, మర్యాద తక్కువైందని అలగడం, లాంఛనం దగ్గర పేచీ పెట్టడం, చివర అప్పగింతల్లో ఏడవడం అన్నీ వాళ్ళవి. బొమ్మ నోరెత్తదు. ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చొంటుంది. ఈ ఆటలో పిల్ల నేర్చుకొనేది వధువు స్థానం కాదు, వధువును ఇచ్చిపుచ్చుకొనే వారి స్థానం. కలిగిన ఇళ్ళలో పెద్దలు కూడా ఈ వేడుకలో దిగి నిజమైన పిండివంటలు చేయించి బంతులు పెట్టేవారు. అప్పుడు ఆట ఎక్కడ ముగిసి ఆచారం ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. కావ్యకర్తలు ఇందులో ముద్దునే చూశారు. ఆ ముద్దు వెనుక ఉన్న వయస్సును ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆ లెక్క 1897లో అచ్చులోకి వచ్చింది. ‘కన్యాశుల్కం’ తొలి ముద్రణకు గురజాడ అప్పారావు ఆంగ్లంలో రాసిన పీఠికలో, విజయనగరం మహారాజా సేకరింపజేసిన ఒక జాబితాను ప్రస్తావించాడు. విశాఖపట్నం జిల్లాలో మూడు సంవత్సరాలలో జరిగిన బ్రాహ్మణ శుల్క వివాహాలు, జాబితాకు అందినంతవరకే, 1034. వాటిలో వధువు వయస్సు అయిదేళ్ళుగా ఉన్నవి 99, నాలుగేళ్ళవి 44, మూడేళ్ళవి 36, రెండేళ్ళవి 6, ఏడాది వయస్సువి 3. అంటే అయిదేళ్ళు, అంతకు తక్కువ వయస్సు పిల్లలు 188 మంది. నూటికి 18 మందికి పైగా. ఏడాది పిల్లలకు పలికిన వెల 350 నుండి 400 రూపాయలు.

మూడేళ్ళు, నాలుగేళ్ళు, అయిదేళ్ళు. గుజ్జెనగూళ్ళు వండే వయస్సు, పేలిక బొమ్మను చంకనెత్తుకొని తిరిగే వయస్సు సరిగ్గా ఇదే. వారిలో చిన్నవారికి బొమ్మకు చీర చుట్టడం కూడా రాదు. ఈ అంకెలను పోతన వర్ణన పక్కన ఉంచి చదివితే కావ్యంలోని ఆట మారదు గాని, దాన్ని చదివే కన్ను మారుతుంది. ఒకే వాకిట్లో ఒకే పిల్ల పొద్దున బొమ్మకు పెళ్ళి చేసి, ముహూర్తానికి తానే బొమ్మ అయి పీట మీద కూర్చొనే స్థితి అది. ఈ జాబితా ఒక వర్ణానికి, ఒక జిల్లాకు పరిమితమైనదన్నది మరువరాదు. దాన్ని బట్టి తెలుగుదేశమంతటికీ తీర్పు చెప్పడం తగదు. కానీ ఆ 188 మంది విషయంలో ఆటకూ పెళ్ళికీ మధ్య ఎడం లేదని చెప్పడానికి అదే చాలు.

గురజాడ సాహిత్యంలో ఈ ఎడం లేకపోవడమే రెండు విధాలుగా రూపు కట్టింది. నాటకంలో అది హాస్యం. అగ్నిహోత్రావధానులు చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధానులకు అమ్మజూస్తాడు. ఆ పెళ్ళిని తప్పించడానికి కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధానులకు కట్టబెడతాడు. పిల్లవాడు, తొడుగు, తల వంచుకొని కూర్చోవడం, పక్కన బేరమాడే పెద్దలు. ఇది అచ్చంగా బొమ్మల పెళ్ళి. ఒక ఉత్తుత్తి పెళ్ళితో నిజం పెళ్ళిని ఆపడమన్న ఈ ఎత్తును విమర్శకులు ఎక్కువగా నాటక కల్పనగానే మెచ్చుకొన్నారు. నిజం పెళ్ళి కూడా అంతే ఉత్తుత్తిది కావడం వల్లనే ఆ మోసం పారిందన్నది దానిలోని అసలు ఎత్తిపొడుపు.

రెండవది ‘పుత్తడిబొమ్మ పూర్ణమ్మ’. ఇందులో హాస్యానికి తావు లేదు. పూజారి ఇంటి పిల్ల, అన్నదమ్ముల ముద్దుల తోబుట్టువు, దుర్గ గుడికి పూలు తెచ్చేది. డబ్బుకు లోబడి ఆమెను ముసలివానికి ఇచ్చారు. కాపురానికి తీసుకుపోవడానికి మగడు వచ్చిన నాడు ఆమె గుడికని వెళ్ళి తిరిగి రాదు. శీర్షికలోని ‘బొమ్మ’ తెలుగు ఇళ్ళలో ఆడబిడ్డను పిలిచే ముద్దుపేరు. ‘పుత్తడి’ ఆమె వన్నె, ఆమె వెల కూడా. బొమ్మ నోరెత్తదన్న ఆట నియమాన్ని గురజాడ ఇక్కడే తప్పించాడు. వెళ్ళిపోయే ముందు పూర్ణమ్మ మాట్లాడుతుంది. తోబుట్టువులకు తనను ఎప్పుడెప్పుడు తలచుకోవాలో చెబుతుంది, వాళ్ళకు పుట్టబోయే ఆడపిల్లకు తన పేరు పెట్టమంటుంది. అప్పగింతల ఏడుపు పెద్దలది కాక వధువుది కావడం ఈ గేయంలోని మార్పు.

1929లో వచ్చిన శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుండి అమలయింది. ఆడపిల్లకు 14, మగపిల్లవానికి 18 ఏళ్ళ కనీస వయస్సును అది నిర్ణయించింది. చట్టం వల్ల ఆచారం ఒక్కసారిగా ఆగలేదు. కానీ ఆటకూ పెళ్ళికీ మధ్య కొన్ని ఏళ్ళ ఎడం ఉండాలన్న మాట తొలిసారి శాసనమయింది. బాల్యాన్ని దేనికో సన్నాహంగా కాక బాల్యంగానే చూసే రచనలు తెలుగులో బలపడినదీ సుమారు ఈ దశాబ్దాలలోనే. చింతా దీక్షితులు పిల్లల కోసం రాసిన పుస్తకానికి ‘లక్కపిడతలు’ అని పేరు పెట్టాడు. 1945లో మద్రాసు నుండి న్యాయపతి రాఘవరావు దంపతులు ‘బాల’ పత్రికను తెచ్చారు. ఇంటి ఆట వస్తువు పేరు పుస్తకం అట్ట మీదికి ఎక్కడం చిన్న విషయమే గాని, గుజ్జెనగూళ్ళు ఒక సీసపద్యంలో కొంత చోటుకే నోచుకొన్న సంగతి గుర్తుంటే చిన్నదిగా తోచదు.

పిడత అంటే అసలు చిన్న మట్టికుండ. కుమ్మరి చక్రం మీది పేరు, తరిణె మీద తిరిగిన కర్రకు, దానికి పూసిన లక్కకు వచ్చి చేరింది. అంకుడు కర్రతో ఈ పిడతలను చేసే ఏటికొప్పాక వరాహ నది ఒడ్డున ఉంది. ఇప్పుడది అనకాపల్లి జిల్లా గాని, గురజాడ అంకెలు చెప్పిన కాలానికి విశాఖపట్నం జిల్లాలోని ఊరే. కొనుక్కొన్న లక్కపిడతలు ఇంట్లో చేసుకొన్న కొబ్బరిచిప్ప గిన్నెలను పూర్తిగా తరిమివేయలేదు. పిడతలలో వండేది ఇప్పటికీ ఇసుకే, ఆకుల తుంపులే. ‘గుజ్జెనగూళ్ళు’ అన్న మాట మాత్రం వాడుక నుండి తొలగి నిఘంటువులో మిగిలింది.