ఆర్‌సీలో సీసీ చూడండి.. అది ఏ ఇన్నోవానో తెలిసిపోతుంది

హైదరాబాద్: హజ్ సీజన్ వచ్చిందంటే నాంపల్లి హజ్ హౌస్ చుట్టుపక్కల బండ్లే బండ్లు. హాజీలను సాగనంపడానికి అమ్మీ, అబ్బా, నానీ, పిల్లలు అందరూ కలిసే వస్తారు. అంతమందికి చిన్న కారు చాలదు. షాదీలకు, దూరప్రయాణాలకూ అదే లెక్క. ఆబిడ్స్, నాంపల్లి వైపు ట్రావెల్స్ వాళ్లను అడిగినా ముందు వినిపించే పేరు ఇన్నోవా. కొత్తది కొనే స్తోమత లేక చాలా కుటుంబాలు సెకండ్ హ్యాండ్ బండి చూసుకుంటాయి. అయితే పేరు ఒకటే అయినా 2005 నుంచి ఇప్పటివరకు లోపలి ఇంజిన్లు చాలా మారాయి.

క్వాలిస్ (2000-2005)

టయోటా కిర్లోస్కర్ కంపెనీ బెంగళూరు దగ్గరి బిడది ఫ్యాక్టరీ నుంచి 2000లో తెచ్చిన మొదటి బండి ఇది. ఇండోనేషియాలో నడిచే కిజాంగ్‌కు మన దేశపు రూపం. 2446 సీసీ డీజిల్ ఇంజిన్, టర్బో లేదు, 75 హార్స్‌పవర్. మెకానికల్ పంపు కాబట్టి పాత మిస్త్రీలకు బాగా అలవాటైన పని. స్పీడు మాత్రం ఆశించొద్దు.

మొదటి ఇన్నోవా (2005-2016)

2494 సీసీ, కామన్ రైల్, టర్బో డీజిల్. 102 హార్స్‌పవర్. 1998 సీసీ పెట్రోల్ కూడా వచ్చింది. డీజిల్ బండిలో టైమింగ్ బెల్ట్ ఉంటుంది. సర్వీస్ పుస్తకంలో చెప్పిన దూరానికి దాన్ని మార్చి తీరాలి. నడుస్తుండగా తెగితే ఇంజిన్ లోపలే దెబ్బతింటుంది. బెల్ట్ మార్చిన బిల్లు చూపించమని అమ్మేవాళ్లను అడగడంలో తప్పేమీ లేదు.

క్రిస్టా (2016 నుంచి)

2016 మేలో వచ్చింది. మాన్యువల్ గేరుకు 2393 సీసీ, ఆటోమేటిక్‌కు 2755 సీసీ డీజిల్. ఆ తర్వాత 2694 సీసీ పెట్రోల్ కలిసింది. డీజిల్ ఇంజిన్లలో బెల్ట్ బదులు చైన్ ఉంది. 2020లో బీఎస్-6 నిబంధనలతో 2755 సీసీ ఆగిపోయింది. బీఎస్-6 డీజిల్ బండికి పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. రోజూ ఆబిడ్స్ ట్రాఫిక్‌లో నాలుగు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తే ఆ ఫిల్టర్ మూసుకుపోయే ప్రమాదం ఉంది. అప్పుడప్పుడూ హైవే మీద నడిపితే మసి కాలిపోతుంది.

హైక్రాస్ (2022 చివరి నుంచి)

ఇందులో డీజిల్ లేదు. 1987 సీసీ పెట్రోల్, పై మోడళ్లలో దానికి తోడు హైబ్రిడ్ బ్యాటరీ. పాత ఇన్నోవాలు వెనక చక్రాలతో లాగేవి, ఇది ముందు చక్రాలతో లాగుతుంది. సిటీలో ఆగి ఆగి నడిచేవాళ్లకు హైబ్రిడ్ కలిసొస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొంటే బ్యాటరీ వారంటీ ఎంత మిగిలిందో అడగాలి.

కొనేముందు ఇవి చూడండి

పాత బండికి కొత్త గ్రిల్, కొత్త లైట్లు బిగిస్తే పైకి మోడల్ మారిపోతుంది. ఆర్‌సీలో సీసీ మారదు. 2494 అని ఉంటే అది మొదటి తరం డీజిల్ ఇన్నోవా, ముందుభాగం ఎంత మెరిసినా సరే.

నంబర్ ప్లేటు కూడా కొంత చెబుతుంది. ఏపీ 09 వంటి పాత హైదరాబాద్ నంబర్లు 2014కు ముందువి. ఆ తర్వాత టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ. టీఎస్ ఉన్నంతమాత్రాన క్రిస్టా అనుకోవద్దు. 2014-16 మధ్య టీఎస్ నంబర్లతో మొదటి తరం ఇన్నోవాలూ రోడ్డెక్కాయి.

ప్రైవేటు బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే. ఆపైన రెన్యువల్, గ్రీన్ ట్యాక్స్ ఖర్చు ఉంటుంది. బండి ముందు ట్యాక్సీగా తిరిగి ప్రైవేటుగా మారిందా అన్నదీ ఆర్టీఏ రికార్డులో చూసుకోవాలి. ట్యాక్సీగా తిరిగిన బండి మీటరు మీద ఎక్కువ భరోసా పెట్టుకోకుండా తెలిసిన మిస్త్రీతో ఇంజిన్ చూపించాకే బయానా ఇవ్వండి.