పత్రికకు ప్రాపు

సత్రములు కట్టించినవారిని, చెరువులు త్రవ్వించినవారిని, విద్యార్థులకు వసతిగృహము లమర్చినవారిని మన సంచికలు ఏటేట స్మరించుచునే యున్నవి. అన్యాయమును బయలుపఱచు పత్రికను పోషించుటయు నట్టి దానమే యని నిరూపించిన యొక తెలుగు వర్తకుని చరిత్రమును ఇచట విన్నవింప దలంచితిమి. ఆయన మన కులమువాడా యని మేమడుగము. ఆయన మేలుచేసిన రైతుల కులమును ఆయన యడుగలేదు.

గాజుల లక్ష్మీనరసు శ్రేష్ఠి 1806లో చెన్నపట్టణమున జన్మించెను. నీలిమందు, బట్టల వర్తకమున ధనము గడించెను. 1844లో ‘క్రెసెంటు’ అను ఇంగ్లీషు పత్రికను స్థాపించి, హార్లీ యను ఆంగ్లేయుని సంపాదకునిగా నియమించెను. ఆ పత్రిక ప్రకటనను సైతము ప్రభుత్వము తన గెజెటులో వేయ నిరాకరించెను. అయినను శ్రేష్ఠి వెనుదీయలేదు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషనును నెలకొల్పి, ప్రజల కష్టములను దెలుపు మహజరును బ్రిటిషు పార్లమెంటునకు బంపించెను.

ఆ కష్టములలో ఘోరమైనది శిస్తు వసూలునందలి చిత్రహింస. పన్ను చెల్లింపలేని రైతును ఎండలో నిలువబెట్టుచుండిరి. త్రాటితో వంగదీసి కట్టుచుండిరి. వ్రేళ్లను కొయ్యల నడుమ నొక్కుచుండిరి. శిస్తు వసూలుచేయు నుద్యోగులకే పోలీసు అధికారమును ఉండుటచే, కొట్టినవాని యొద్దకే పోయి మొఱపెట్టుకొనవలసిన గతి పట్టినది. 1853లో డాన్బీ సేమూరు అను పార్లమెంటు సభ్యుడు రాగా, శ్రేష్ఠి రైతుల దుస్థితిని ఆయన కెఱుకపఱచెను. 1854లో విచారణసంఘ మేర్పడెను. చిత్రహింస నిజమేయని 1855 నివేదికలో తేలెను. 1859 చట్టముచే ఈ రాజధానిలో పోలీసుశాఖ ప్రత్యేకముగా నేర్పడెను. సంపదను ప్రజాకార్యములకు వెచ్చించి, కడపట లేమి ననుభవించి, శ్రేష్ఠి 1868లో కాలధర్మము నొందెను.

ఆఱేండ్లకు, 1874లో, కందుకూరి వీరేశలింగము ‘వివేకవర్ధని’ని ప్రారంభించెను. అప్పటికాయనకు ఇరువదియాఱేండ్లు. మొదట పత్రిక చెన్నపట్టణమున నచ్చుపడుచుండెను. పిదప రాజమహేంద్రవరముననే ముద్రాశాల యేర్పడెను. లంచగొండి యుద్యోగులను, న్యాయస్థానములందలి యక్రమములను, సంఘమందలి దురాచారములను ఆ యువకుడు నిర్భయముగా బయటపెట్టెను. ధైర్యము కలమునకు సహజమే. కాగితము, అచ్చు, న్యాయవాది రుసుము మాత్రము ధనము లేనిదే లభింపవు.

నేడు తెలుగునాట మండలములందు పనిచేయు యువ విలేకరులలో పలువురకు నికరమైన జీతము లేదు. 2005 సమాచారహక్కు చట్టముచే దస్త్రములను అడుగు నధికారము కలిగినది. దస్త్రములను ప్రకటించిన పిమ్మట వచ్చు నోటీసులకు, బెదిరింపులకు బదులుచెప్పు బలము మాత్రము చట్టముచే రాలేదు. అట్టివారికి నెలవేతనముగాను, న్యాయసహాయముగాను ఉపకరించు నొక నిధిని మన సంఘము నెలకొల్పవలెనని మా మనవి.

ఒక్క నియమము మాత్రము తప్పనిసరి. నిధి యిచ్చినవారు వార్తను శాసింపరాదు. ఆ యువకుడు రేపు మన పెద్దలలో నొకరి గుత్తపనిని గూర్చియో, మన వసతిగృహపు లెక్కలను గూర్చియో వ్రాసినను, సాక్ష్యము సరియైనదేని, సాయము ఆగరాదు. పరుల తప్పు వెదకువానిని పోషించుట సులభము; మన తప్పు చూపువానిని పోషించుటయే దానము. ఈ మహాసభ దీనిని విచారించి తీర్మానించునుగాక!