పుకారు నడచిన దారి

వ్యాధికంటె వార్త ముందు నడచుట క్రొత్త సంగతి కాదు. 2020లో కోవిడ్ వ్యాపించినపుడు చేతిఫోనులలో రాత్రికి రాత్రి ఊరూర తిరిగిన వింతమాటలను జూచి, ఇది ఈ యంత్రములు తెచ్చిన తెగులని పలువురు తలచిరి. కాని 1896లో, రేడియో సైతము పుట్టని కాలమున, బొంబాయి అంగళ్ళలోను మిల్లుల వాకిళ్ళలోను ఇట్టి కథయే నడచినది.

ఆ సెప్టెంబరులో రేవునకు దాపున నున్న మాండ్వి పేటలో డాక్టరు అకాసియో వీగాస్ ప్లేగును గుర్తించెను. అక్టోబరు తొలి దినములలో పురపాలక కమిషనరు స్నో ఒక ఉత్తరువు చేసెను. అనుమానము కలిగిన ఇంట అధికారులు ప్రవేశింపవచ్చును. రోగిని, ఇంటివారు సమ్మతించినను లేకున్నను, ఆసుపత్రికి కొనిపోవచ్చును. ఊరు గగ్గోలు పడెను. మరుసటి ఫిబ్రవరి నాటికి జనములో సగమునకు దగ్గరగా రైళ్ళెక్కియు పడవలెక్కియు నగరము విడిచిపోయిరి.

వెళ్ళలేనివారి నడుమ వదంతులు పెరిగెను. ఆర్థర్ రోడ్డు ఆసుపత్రిలో రోగులను తలక్రిందులుగా వ్రేలాడదీసి, వారి దేహములనుండి మొమియాయి అను తైలమును తీయుచున్నారట! విక్టోరియా రాణి విగ్రహమునకు ఎవరో తారు పూసిరి గదా, ఆసుపత్రిలో చచ్చువారందరు ఆ అవమానమునకు బలులట! అక్టోబరు చివర సుమారు వేయిమంది మిల్లు కార్మికులు ఆసుపత్రిమీద పడిరి. పారిశుద్ధ్యపు పనివారు కూడ వెడలిపోయినచో నగరమే నిలువదని భయపడి, స్నో తన ఉత్తరువును సడలించెను.

ఈ మాటలను మూఢత్వమని త్రోసివేయుట సులభము. కాని వీథి అరుగుమీద కూర్చున్నవానికి కనబడిన దేమి? డోలీలో పోయిన పొరుగువాడు తిరిగి రాలేదు. తుదిఘడియ వచ్చువరకు రోగిని ఇంట దాచుటచేత, ఆసుపత్రి చేరినవారిలో పెక్కురు వెంటనే మరణించుచుండిరి. ఆ మరణములు వదంతికి సాక్ష్యమాయెను; వదంతి మరల రోగిని దాచించెను. అధికారుల జ్ఞానమును అంతంతమాత్రమే. ప్లేగు సూక్ష్మజీవిని 1894లోనే హాంకాంగులో యెర్సిన్ కనుగొనెను గాని, ఎలుకమీది గోమార్ల సంగతి 1898లో సిమాండ్ చెప్పువరకు తేలలేదు. ఈ లోపల వారు ఇండ్లలో మందునీళ్ళు చల్లించి, మురుగుకాలువలు కడిగించుచుండగా ఎలుకలు పొరుగింటికి మారుచుండెను.

1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టము వచ్చెను. 2020లో మన ప్రభుత్వములు మరల బయటికి తీసినది ఈ చట్టమునే. పూనాలో రాండ్ దొరతనమున సిపాయిలు ఇల్లిల్లు గాలించిరి. వంటయిల్లనక, పూజగదియనక చొరబడిరి. ఆ జూన్ 22న, రాణి వజ్రోత్సవపు రాత్రి, చాపేకర్ సోదరులు రాండును, అతని వెనుకబండిలో నున్న అయర్‌స్టును కాల్చిరి. 1898 మార్చిలో బొంబాయిలోనే మరియొక కల్లోలము చెలరేగెను. అటుపిమ్మట బలవంతము క్రమముగా సడలినది.

వదంతికి విరుగుడు ఉత్తరువులో దొరకలేదు. ఏ కులమువారికి, ఏ మతమువారికి ఆ ఆసుపత్రులు వేరుగా వెలసి, తమవారే తమ రోగులను చూచుకొనుచుండగా జనులకు కొంత ధైర్యము కలిగెను. టీకా సంగతియు అట్టిదే. 1897 జనవరి 10న హాఫ్కిన్ తన మందును ముందుగా తన దేహముననే ఎక్కించుకొనెను. ఒక విదేశి శాస్త్రజ్ఞుని సాహసము బజారువారికి ఏమి తెలియును? ఇస్మాయిలీల గురువైన మూడవ ఆగాఖాన్, అప్పటికి ఇరువది యేండ్లు నిండని యువకుడు, తన అనుచరుల యెదుట బహిరంగముగా టీకా వేయించుకొనెను. ఒక్కమారుతో ఆగలేదు. హాఫ్కిన్ పరిశోధనలకు తన భవనము నొకదానిని ఇచ్చెను. తాను టీకా వేయించుకొన్న వార్త ఎంత దూరము వీలైన నంత దూరము పాకునట్లు స్వయముగా శ్రద్ధ వహించెను. పుకారు నడచిన వీథులలోనే ఆ వార్తయు నడచెను. అతని అనుచరులు టీకాలకు ముందుకు వచ్చిరి.