అజంతా చీకటిలో వెలుగు: 360 డిగ్రీల దృశ్య పర్యటనలకు కథ, ధ్వని, కాలం తోడైతే

మహారాష్ట్రలోని అజంతా మొదటి గుహలోకి అడుగుపెట్టినవారికి ముందుగా ఎదురయ్యేది చీకటి. రద్దీ రోజుల్లో కళ్లు ఆ మసక వెలుతురుకు అలవాటు పడేలోపే వెనుకవారికి చోటివ్వాలి. వెనుక గోడపై పద్మం ధరించిన పద్మపాణిని తృప్తిగా చూసే అవకాశం కొద్దిమందికే దక్కుతుంది. మనుషుల ఊపిరిలోని తేమ, ఒంటి వేడి ఆ చిత్రాలకు చేటు చేస్తాయి కనుక ఆంక్షలు తప్పవు. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహను ఇటువంటి కారణంతోనే 1963లో ప్రజలకు మూసివేశారు. చూడనిస్తే చెడిపోయే, మూసివేస్తే మరుగునపడే ఇటువంటి స్థలాలకు దృశ్య పర్యటన ఒక మార్గం చూపుతోంది.

అయితే గుండ్రంగా తిరిగే ఫొటో ఒక్కటే సరిపోదు. దేనిని చూస్తున్నామో తెలియకపోతే ప్రేక్షకుడు రెండుసార్లు తిప్పి చూసి పక్కన పెడతాడు.

ఈ సంగతి పనోరమా పుట్టిననాడే గ్రహించారు. రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు 1787లో ఈ పద్ధతికి పేటెంట్ పొంది, 1793లో లండన్‌లోని లెస్టర్ స్క్వేర్‌లో వృత్తాకార భవనాన్ని తెరిచాడు. మధ్యనున్న వేదికపై నిలబడితే చుట్టూ చిత్రమే. ఏ భవనం ఎక్కడుందో తెలిపే అచ్చు పటాలు కూడా అటువంటి ప్రదర్శనలలో లభించేవి. నేడు తెరపై మెరిసే గుర్తులకు అవే పూర్వరూపాలని చెప్పవచ్చు.

నేటి పద్ధతిలో కెమెరాను లెన్స్‌కు సంబంధించిన ఒక స్థిర బిందువు చుట్టూ తిప్పుతూ ఫొటోలు తీస్తారు. ఆ బిందువు తప్పితే దగ్గరి స్తంభాలు అతుకుల వద్ద విరిగినట్లు కనిపిస్తాయి. చీకటి గుహల్లో ఒక్కో దిశలో భిన్న కాంతి స్థాయిలలో పలు ఫొటోలు తీసి కలుపుతారు. అన్నీ కుట్టిన చిత్రం వెడల్పు ఎత్తుకు రెట్టింపు ఉంటుంది. అడ్డంగా 360, నిలువుగా 180 డిగ్రీలు కనుక దానిపై ఏ స్థానాన్నయినా రెండు కోణాలతో గుర్తించవచ్చు. ఆ స్థానానికి వచనం, శబ్దం, వీడియో లేదా పక్క గదికి దారి జతచేస్తారు. పానెలమ్, మార్జిపానో వంటి ఉచిత సాధనాలు ఇందుకు ఉన్నాయి కనుక చిన్న ప్రదర్శనశాలకూ ఇది అందని పని కాదు.

అసలు పరీక్ష ఏమి జతచేయాలన్నదే. అజంతా 17వ గుహలో విశ్వంతర జాతకం ఉంది. అడిగినదల్లా దానం చేసి, చివరకు కన్నబిడ్డలను సైతం ఇచ్చివేసిన రాజకుమారుని కథ అది. అజంతా చిత్రకారులు పలుచోట్ల కథను కాలక్రమంలో కాక స్థలక్రమంలో అమర్చారు. ఒకే రాజభవనంలో వేర్వేరు వేళల్లో జరిగిన ఘట్టాలు పక్కపక్కనే ఉంటాయి. కథ తెలియనివారికి అది గుంపుగా తోస్తుంది. ఘట్టాలకు వరుస సంఖ్యలిచ్చి, ఒక్కొక్కటి తాకగానే మిగతా గోడ మసకబారేలా చేస్తే నిశ్శబ్దంగా ఉన్న గోడ కథ చెప్పనారంభిస్తుంది. ఈ పని రంగులు మెరిపించే హంగులకన్నా ఎన్నో రెట్లు విలువైనది.

కాలాన్ని చూపడం మరో అవకాశం. 1844 నుంచి రాబర్ట్ గిల్ ఏళ్ల తరబడి గీసిన అజంతా నకళ్లలో అత్యధికం 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. ఆనాడు హైదరాబాద్ సంస్థానంలో భాగమైన ఈ గుహలలో 1920లలో నిజాం ప్రభుత్వం ఇటలీ నిపుణులచేత సంరక్షణ పనులు చేయించింది. పెచ్చులు నిలిచాయి. కాని పూసిన వార్నిష్ కాలక్రమంలో పసుపెక్కి రంగులను కప్పివేసింది. సంస్థాన పురావస్తు శాఖకు నేతృత్వం వహించిన గులాం యజ్దానీ 1930 నుంచి 1955 వరకు నాలుగు సంపుటాలలో ఈ చిత్రాలను ప్రచురించారు. నేటి గోడపై ఆ పాత ముద్రణలను పొరగా అమర్చి, వేలితో అటూ ఇటూ జరిపే వీలు కల్పిస్తే ఏమి మిగిలిందో, ఏమి పోయిందో కళ్ల ముందే తేలుతుంది. అయితే ఊహించి నింపిన భాగాన్ని ఊహ అనే స్పష్టంగా చూపాలి. లేకుంటే కొత్త రంగే అసలు రంగుగా స్థిరపడిపోతుంది.

ధ్వని విషయంలో దక్షిణాఫ్రికాలోని రాబెన్ దీవి మంచి ఉదాహరణ. 2015లో వెలువడిన ఆ దృశ్య పర్యటనకు, అక్కడే శిక్ష అనుభవించిన మాజీ రాజకీయ ఖైదీ మార్గదర్శి. తాను బందీగా ఉన్న గోడల గురించి మాట్లాడే మనిషి గొంతుకు నేపథ్య సంగీతం సాటిరాదు. మన గుహలకు, ఆలయాలకు ఆ గొంతు స్థానిక భాషలలో ఉండాలి. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాలను మెడ నొప్పి లేకుండా చూపగల పర్యటన, వాటి కథను తెలుగులో చెప్పకపోవడం వింతే అవుతుంది.

చూపులేనివారికి గుర్తులన్నీ కీబోర్డుతో అందాలి. ప్రతి గుర్తుకూ చిత్రాన్ని వర్ణించే శ్రవణ పాఠం ఉండాలి. పద్మపాణి తల ఎటు వాలింది, కళ్లు ఎలా వాలి ఉన్నాయి, చేతిలో ఏమున్నది అన్న నాలుగు వాక్యాలు చాలు.