ముందస్తు గుండె స్పందనలు: చికిత్స చరిత్ర

గుండె కొట్టుకోవలసిన వేళకు ముందే కొట్టుకుంటే దాన్ని ముందస్తు స్పందన అంటారు. కింది గదులైన జఠరికల్లో పుట్టేవాటికి వైద్యుల వాడుకలో పీవీసీలని పేరు. ఆ స్పందన తర్వాత కాస్త విరామం వచ్చి, ఆ పైది బలంగా తగులుతుంది. గుండె ఒక్కసారి ఆగినట్టయిందని రోగులు చెప్పేది దీన్నే.

ఇంగ్లండులోని బర్న్‌లీలో సాధారణ వైద్యుడైన జేమ్స్ మెకంజీ, నాడిని కాగితంపై గీసే పాలిగ్రాఫ్‌తో తన రోగులను ఏళ్ల తరబడి గమనించాడు. గుండె జబ్బు లేనివారిలో ఇవి చాలావరకు హాని చేయవని ఈసీజీ వాడుకలోకి రాకముందే తేల్చాడు.

1960లలో గుండెపోటు రోగుల కోసం ప్రత్యేక విభాగాలు వచ్చాక భయం పెరిగింది. ఈ స్పందనలే ప్రాణాంతకంగా లయ తప్పడానికి నాంది అని నమ్మి, వాటిని మందులతో అణచడం మొదలుపెట్టారు. వైద్యులు బెర్నార్డ్ లౌన్, వుల్ఫ్ 1971లో వీటిని తీవ్రతను బట్టి తరగతులుగా విభజించారు. ఈలోగా నార్మన్ హోల్టర్ రూపొందించిన, ఒంటికి తగిలించుకునే ఈసీజీ యంత్రం ఆరోగ్యవంతుల్లోనూ ఇవి సాధారణమేనని చూపింది. 1985లో వైద్యుడు కెనడీ బృందం, తరచుగా పీవీసీలు వచ్చే 73 మంది ఆరోగ్యవంతులను ఏళ్లపాటు గమనించి, వారికి మరణ ముప్పు అదనంగా లేదని ప్రకటించింది.

అయినా మందులు ఆగలేదు. ఆపింది అమెరికా ఆధ్వర్యంలో జరిగిన కాస్ట్ అనే మందుల పరీక్ష. గుండెపోటు వచ్చినవారిలో, మందుతో ముందస్తు స్పందనలు తగ్గినవారినే ఇందులోకి తీసుకున్నారు. ఎన్‌కైనైడ్ లేదా ఫ్లెకైనైడ్ వాడిన 755 మందిలో 63 మంది, ఉత్తుత్తి మాత్రలు తీసుకున్న 743 మందిలో 26 మంది చనిపోయారు. 1989లో ఆ రెండు మందులనూ పరీక్షలో నిలిపేశారు. ఈసీజీ బాగుపడింది, రోగులు చనిపోయారు. హృదయవైద్య చరిత్రలో ఇంత ఖరీదైన పాఠం అరుదు.

ఆ తర్వాత ప్రశ్నే మారింది. స్పందనలున్నాయా అని కాక, అవి ఎలాంటి గుండెలో, ఎన్ని వస్తున్నాయని చూడసాగారు. 2010లో మిషిగన్ పరిశోధకులు, మొత్తం స్పందనల్లో పీవీసీలు 24 శాతం దాటితే గుండె కండరం బలహీనపడే అవకాశం ఎక్కువని చూపారు. అంతకన్నా తక్కువున్నా కొందరిలో ఆ ముప్పుంది. అందుకే 10 శాతం దాటినవారికి ఎకో పరీక్షలు మళ్లీ మళ్లీ చేస్తుంటారు.

బాధ లేకుండా, ఎకో మామూలుగా ఉండి, స్పందనలు అరుదుగా వచ్చేవారికి సాధారణంగా మందు అక్కర్లేదు. స్పృహ తప్పడం, శ్రమ చేస్తుండగా దడ, కుటుంబంలో హఠాన్మరణాలు ఉంటే మాత్రం వెంటనే పరీక్షలు కావాలి. దడ బాగా ఇబ్బంది పెడితే బీటా బ్లాకర్లు ఇస్తారు. కుడి జఠరిక నుంచి రక్తం బయటికి వెళ్లే దారిలో పుట్టి బాధపెట్టే పీవీసీలకూ, పీవీసీల వల్లే కండరం బలహీనపడిందనిపించిన వారికీ 2022 నాటి ఐరోపా మార్గదర్శకాలు సన్నని గొట్టంతో ఆ చోటును నిర్వీర్యం చేసే కెథటర్ అబ్లేషన్‌నే ముందుగా సూచిస్తున్నాయి.