పిండమునకు దినముల లెక్క: ఒక చారిత్రక పరిశీలన

"అయ్యగారూ, నా బిడ్డకు అప్పటికి ప్రాణం వచ్చిందంటారా?" గర్భస్రావమైన తల్లిని పరామర్శించుటకు వెళ్లినప్పుడు మేము పలుమార్లు విన్న ప్రశ్న ఇది. పూర్వము సంఘ పండితులలో అనేకులు దీనికి దినముల లెక్కతో జవాబిచ్చారు. ఆ లెక్క ఎక్కడిదో పరిశీలించుదము.

క్రీ.పూ. 4వ శతాబ్దములో అరిస్టాటిల్ కోడిగుడ్డులోని పిల్ల ఎదుగుదలను దినదినము గమనించి, అవయవములు ఒకదాని తరువాత ఒకటి ఏర్పడునని సరిగానే గ్రహించాడు. అయితే గర్భములో మగశిశువు సుమారు 40వ దినమున, ఆడశిశువు సుమారు 90వ దినమున కదలునని కూడ వ్రాశాడు. 13వ శతాబ్దములో థామస్ అక్వినాస్ అతని ననుసరించి, శరీరము తగినట్లు రూపొందిన తరువాతనే దేవుడు ఆత్మను అనుగ్రహించునని బోధించాడు.

ఈ బోధకు వాక్యాధారముగా నిర్గమకాండము 21:22-23 చూపబడేది. హెబ్రీ మూలములో అక్కడి ప్రశ్న "హాని" కలిగెనా లేదా అన్నదే. క్రీ.పూ. 3వ శతాబ్దపు గ్రీకు అనువాదమైన సెప్టువజింట్‌లో అది పిండము "రూపము" పొందెనా లేదా అన్న ప్రశ్నగా మారింది. అగస్టీన్ ఈ భేదమును చర్చించాడు గాని, జీవారంభ సమయమును నిశ్చయముగా చెప్పలేకపోయాడు. 4వ శతాబ్దపు కైసరియ బిషప్పు బసిలియస్ ఆ భేదమునే త్రోసిపుచ్చాడు. కాబట్టి పితరులందరి మాట ఒకటి కాదు.

1827లో కార్ల్ వాన్ బేయర్ క్షీరదముల అండమును కనుగొన్నాడు. 1876లో ఆస్కార్ హెర్ట్‌విగ్ సముద్రపు అర్చిన్‌లో అండ, శుక్రకణముల కేంద్రకములు ఏకమగుటను చూశాడు. ఫలదీకరణము జరిగిన 4వ వారములో గుండె కొట్టుకొనుట ఆరంభమగునని, 8వ వారాంతమునకు ముఖ్య అవయవములన్నిటికి పునాది పడునని నేడు మనకు తెలుసు. మొదటి ఆరు వారములలో ఆడ, మగ పిండములు చూపునకు ఒకే విధముగా ఉంటాయి. ఆడబిడ్డకు ప్రాణము ఆలస్యమన్న లెక్కకు ఆధారమే లేదు.

ఆత్మ ఎప్పుడు వచ్చునో సూక్ష్మదర్శిని చెప్పలేదు. అయితే కీర్తన 139:16లోని "గోలెమ్" అను హెబ్రీ పదము పాత నిబంధనలో అక్కడ ఒక్కచోటనే కనిపిస్తుంది. ఇంకను రూపము దిద్దుకొననిది అని దాని భావము. రూపము రాకముందే దేవుని చూపు అక్కడ ఉన్నదని కీర్తనకారుని సాక్ష్యము. దుఃఖించు తల్లి యెదుట మనము దినములు లెక్కింపక, ఈ సాక్ష్యమును పట్టుకొని ఆమెతో కూర్చుండుటయే కాపరి ధర్మము.